సోనీ వాక్‌మన్ ఏ306: విజయనగరంలో ఉండి కొనేవాళ్ల కోసం

సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 మ్యూజిక్ ప్లేయర్ కొనాలా వద్దా అన్నది రెండు ప్రశ్నల మీద తేలిపోతుంది. మీ దగ్గర సొంతంగా దాచుకున్న మంచి ఫైళ్లు ఉన్నాయా? వాటిని వైరున్న ఏ ఇయర్‌ఫోన్‌తో వింటారు? రెండింటికీ సరైన జవాబు ఉంటే, 2023లో సుమారు 26 వేల రూపాయలకు వచ్చిన ఈ చిన్న ప్లేయర్ ఇచ్చే సుఖం ఫోన్ ఇవ్వలేదు. లేనప్పుడు అందులో సగం డబ్బు మంచి ఇయర్‌ఫోన్ మీద పెట్టి ఫోన్‌లోనే వినడం మేలు. మూడు లాంతర్లు, గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లో హోమ్ థియేటర్లు, బ్లూటూత్ స్పీకర్లు ఎన్నయినా వాయించి చూపిస్తారు. ఇలాంటి ప్లేయర్‌ని చెవిన పెట్టుకుని విని కొనడం మాత్రం ఇక్కడ కష్టమే. చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లే ఎక్కువ కాబట్టి, పెట్టె విప్పాక ఏం ఎదురవుతుందో ముందే తెలిసి ఉండాలి.

ఎత్తు 98.4 మిల్లీమీటర్లు, వెడల్పు 56.5, మందం 11.8, బరువు 113 గ్రాములు. చొక్కా జేబులో పెడితే జేబు కిందికి లాగదు. చట్రం అల్యూమినియం. తెర 3.6 అంగుళాలు. కుడి పక్కన పవర్, వాల్యూమ్, ముందు పాట, తర్వాత పాట, ఆపు, అన్నింటికీ విడివిడి బటన్లు, చివర్లో ఒక హోల్డ్ స్విచ్. ఈ బటన్లే ఈ ప్లేయర్‌కి సగం విలువ తెస్తాయి. విశాఖ వెళ్లే పాసింజర్‌లో నిలబడి, ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, జేబులోంచి తీయకుండానే పాట మార్చుకోవచ్చు. జేబులో బటన్లు వాటంతటవే నొక్కుకుపోకుండా హోల్డ్ వేసుకుంటే సరి.

ఇది ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. వైఫై, ప్లే స్టోర్ ఉన్నాయి. సిమ్ లేదు, కెమెరా లేదు. ‘ఇందులో సిమ్ము ఎక్కడెయ్యాలి బాబూ’ అని ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. ప్రయాణంలో స్ట్రీమింగ్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవాలి, లేదా యాప్‌లో పాటలు ముందే దించుకోవాలి. యాప్ నుంచి యాప్‌కి మారేటప్పుడు తెర కాస్త తడబడుతుంది, అంత చిన్న తెర మీద టైప్ చేయడం విసుగు. దీన్ని చిన్న ఫోన్ అనుకుని కొంటే నిరాశే. రెండు మూడు యాప్‌లకు మించి ఎక్కించకండి, మిగతావాటి ఆటో సింక్ ఆపేయండి. వైఫై అవసరమైనప్పుడే ఆన్ చేయండి.

ఆండ్రాయిడ్ పరికరం కాబట్టి, పాట ఆపేసి పక్కన పెట్టినా నిద్రలో కొంత చార్జింగ్ తింటూనే ఉంటుంది. రాత్రికి పూర్తిగా స్విచ్ ఆఫ్ చేయడమే మందు. కంపెనీ చెప్పే 36 గంటల లెక్క తెర ఆపి, సౌండ్ ఎఫెక్టులు వేయకుండా, సీడీ స్థాయి ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్లు కార్డు నుంచి వాయించినప్పటిది. 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లకు 32 గంటలు. వైఫై, తెర, ఎఫెక్టులు కలిసినకొద్దీ అది తగ్గుతూ పోతుంది. అలా తగ్గినా, రోజూ విశాఖ వెళ్లొచ్చే మనిషికి రెండు మూడు రోజులకోసారి చార్జింగ్ పెడితే చాలు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కేర్ ఆన్ చేసి పెట్టుకోండి. చార్జింగ్ నిండా ఎక్కకముందే ఆపేస్తుంది, బ్యాటరీ ఎక్కువ ఏళ్లు మన్నుతుంది.

ఇంత చిన్న బ్యాటరీతో అన్ని గంటలు ఎలా వస్తాయంటే, లోపలి ఆంప్లిఫయర్ తీరే వేరు. మామూలు ప్లేయర్లలో డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే డాక్ చిప్ ఒకటి, దాని వెనక అనలాగ్ ఆంప్ ఒకటి ఉంటాయి. సోనీ ఎస్-మాస్టర్ హెచ్‌ఎక్స్ డిజిటల్ సంకేతాన్ని నేరుగా సన్నని పల్స్‌లుగా మార్చి, ఆ పల్స్‌లనే బలపరిచి, చివర్లో ఫిల్టర్‌తో వడగట్టి ఇయర్‌ఫోన్‌కి పంపుతుంది. వేడిగా పోయే కరెంటు తక్కువ. అందుకే గంటల తరబడి వాయించినా చేతికి వేడి తగలదు. ఒక విషయం: డీఎస్‌డీ అనే హై-రెజల్యూషన్ ఫైళ్లను ఇది మామూలు డిజిటల్ పద్ధతి అయిన పీసీఎమ్‌గా మార్చి వాయిస్తుంది. డీఎస్‌డీ కోసమే కొనాలనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇక బలం సంగతి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. దీనికి ఉన్నది ఒక్క 3.5 మిల్లీమీటర్ల జాక్, రెండు పక్కలకూ విడివిడి తీగలతో ఎక్కువ బలం ఇచ్చే బ్యాలెన్స్‌డ్ అవుట్ లేదు. హై గెయిన్‌లో, అంటే బలం పెంచే సెట్టింగ్‌లో, 16 ఓమ్‌ల దగ్గర ఒక్కో పక్కకు 35 మిల్లీవాట్లు. వోల్టేజ్‌లో చెప్పాలంటే ముప్పావు వోల్టు. ఆ ముప్పావు వోల్టుతో ఏవి పాడతాయో, ఏవి నసుగుతాయో కొనకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే సోనీ ఎండీఆర్-7506 తీసుకోండి. అది 63 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 106 డెసిబెల్స్. ముప్పావు వోల్టుకి దానికి దాదాపు 9 మిల్లీవాట్లు అందుతాయి, అంటే 115 డెసిబెల్స్ వరకు వెళ్తుంది. చెవికి కావాల్సినదానికంటే చాలా ఎక్కువ. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 అయితే 300 ఓమ్‌లు, ఒక వోల్టుకి 103 డెసిబెల్స్. దీనిమీద గరిష్ఠంగా 100 దగ్గర ఆగిపోతుంది. సినిమా పాటలకు అది సరిపోయినట్టే ఉంటుంది. కచేరీ రికార్డింగ్‌లో మామూలు స్థాయికీ తని ఆవర్తనంలో మృదంగం గట్టిగా మోగే క్షణానికీ 20 డెసిబెల్స్ తేడా ఉండొచ్చు. అప్పుడు పాట సగటున 80 దగ్గరే వినిపిస్తుంది, వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇంకా కావాలనిపిస్తుంది. పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. 16 నుంచి 64 ఓమ్‌ల లోపు ఇన్-ఇయర్‌లు, తేలిగ్గా పాడే హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లకు ఇది బంగారం.

హై గెయిన్ ఎంపిక సౌండ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మామూలు స్థాయిలోనే చాలినంత వినిపిస్తుంటే దాన్ని ముట్టుకోవద్దు. వాల్యూమ్ పెరగడం లేదని కంగారు పడేవాళ్లు ముందు ఏవీఎల్‌ఎస్ ఆన్‌లో ఉందేమో చూసుకోవాలి, అది వాల్యూమ్‌కి కళ్లెం వేసే ఏర్పాటు. యూరప్ మార్కెట్‌కి వెళ్లిన పీసులకు అక్కడి నిబంధనల ప్రకారం వాల్యూమ్ పరిమితి ఉంటుంది. విదేశాల నుంచి ఎవరైనా తెస్తున్నారంటే ఏ దేశం పీసో అడిగి మరీ తెప్పించుకోండి. జపాన్‌లో ఇదే ప్లేయర్ 64 జీబీతో ఏ307 పేరుతో వచ్చింది. కార్డు స్లాట్ ఉన్నప్పుడు ఆ తేడా కోసం పాకులాడక్కర్లేదు.

లోపలి స్టోరేజ్ పేరుకి 32 జీబీ. ఆండ్రాయిడ్ పోగా మన చేతికొచ్చేది దాదాపు 18. సీడీ స్థాయి ఫ్లాక్ నిమిషానికి 6 ఎంబీ అనుకుంటే, ముప్పావు గంట ఆల్బమ్ 270 ఎంబీ, అలాంటివి 65 పడతాయి. 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ అయితే ఇరవై ఆల్బమ్‌లకే నిండిపోతుంది. కాబట్టి మైక్రోఎస్‌డీ కార్డు తప్పదు, 256 జీబీ చాలామందికి సరిపోతుంది. కార్డు కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాసి చదివించండి. నకిలీ కార్డు 256 అని చూపించి లోపల 32 మాత్రమే ఉంటుంది. ముప్పై రెండో జీబీ దాటాక రాసిన పాటలన్నీ పాడైపోతాయి, ఆ సంగతి నెల తర్వాత పాట మధ్యలో ఆగిపోయినప్పుడు గానీ బయటపడదు. పరీక్ష అయ్యాక కార్డుని ప్లేయర్‌లోనే ఫార్మాట్ చేసి, పాటలు కార్డ్ రీడర్‌తో ఎక్కించండి. తీసే ముందు కంప్యూటర్‌లో ఇజెక్ట్ కొట్టాలి. ఈ కార్డులు వాడే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో, రాస్తున్నప్పుడు పీకేస్తే జరిగినదాన్ని సరిదిద్దుకునే చిట్టా ఉండదు. ఒక్కోసారి ఫోల్డర్లకు ఫోల్డర్లే మాయమవుతాయి.

ఇక ఆ కార్డులో ఏం వేస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. మొబైల్ షాపుల్లో మెమరీ కార్డు నింపించుకునే అలవాటు మన ఊళ్లలో చాలాకాలం నడిచింది. అవి ఎక్కువగా 128 కేబీపీఎస్ ఎంపీ3లు, అంటే బాగా కుదించినవి. వాటిని ఇందులో వేస్తే లోపాలు ఇంకా స్పష్టంగా వినబడతాయి. తాళాలు, మువ్వలు, ‘స’ శబ్దాలు నీళ్లలో నానినట్టు ఉంటాయి. నెట్‌లో ఫ్లాక్ పేరుతో తిరిగే ఫైళ్లలో కూడా ఎంపీ3ని మళ్లీ ఫ్లాక్‌గా మార్చినవి బోలెడు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ వేసి చూడండి. 128 ఎంపీ3 నుంచి వచ్చినదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర, 320 నుంచి వచ్చినదైతే 20 దగ్గర కత్తితో కోసినట్టు అడ్డగీత కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. 1950ల, 60ల పాటల్లో అసలు రికార్డింగ్‌లోనే పై శబ్దాలు తక్కువ. పైకి పోయేకొద్దీ రంగు మెల్లగా పలచబడితే అది పాత రికార్డింగ్ లక్షణం, నకిలీ కాదు. గీత తిన్నగా, పదునుగా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇంట్లో మూలన పడున్న ఆడియో సీడీలు ఇప్పుడు పనికొస్తాయి. బయట తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ ఉంటే చాలు. సెక్యూర్ మోడ్ పెట్టండి. గీతలు పడిన చోట మళ్లీ మళ్లీ చదివి, చదవలేకపోతే ఆ సంగతి చెబుతుంది. ఫ్లాక్ కంప్రెషన్ లెవెల్ 5 అయినా 8 అయినా శబ్దం ఒక్కటే, మారేది ఫైల్ సైజు మాత్రమే. యాభై పాటలున్న ఎంపీ3 సీడీలను మాత్రం ఫ్లాక్ చేయడం దండగ. పోయిన సమాచారం తిరిగి రాదు, ఫైల్ మాత్రం ఊరికే లావెక్కుతుంది.

తర్వాత ట్యాగులు. ఈ పని చేయకపోతే వెయ్యి పాటల కార్డులో కావాల్సిన పాట దొరకదు. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్‌లో ఆల్బమ్ మొత్తం ఎంచుకుని, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ఒక్క పేరే రాయండి. సినిమా ఆల్బమ్‌లో ఒక్కో పాట ఒక్కొక్కరు పాడతారు కదా. ఆ గడి ఖాళీగా ఉంటే ఒక్క సినిమా నాలుగైదు ముక్కలై కనిపిస్తుంది. సంగీత దర్శకుడి పేరు అక్కడ వేయడం మంచి పద్ధతి. సాలూరి రాజేశ్వరరావు అని ఒకచోట, ఎస్. రాజేశ్వరరావు అని ఇంకోచోట రాస్తే ప్లేయర్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని దాన్నే వాడండి. తెలుగు లిపి ఇందులో చక్కగా కనిపిస్తుంది, ఒత్తులు విరిగిపోవు. పేర్లలో ఇరికించిన వెబ్‌సైట్ ప్రకటనలు తీసేయండి. బొమ్మ 600 పిక్సెళ్ల జేపెగ్ సరిపోతుంది. పెద్ద పెద్ద బొమ్మలు పెడితే ఆల్బమ్ జాబితా జారేటప్పుడు తెర మొరాయిస్తుంది.

ఇవన్నీ కుదిరాక వినండి. ఏ306 స్వభావం కొంచెం వెచ్చన. కింది స్వరాలు నిండుగా, గొంతు దగ్గరగా, పై శబ్దాలు గుచ్చుకోకుండా ఉంటాయి. గంటల తరబడి వినేవాళ్లకు ఇది వరం. ప్రతి చిన్న గరుకూ బయటపెట్టే ప్లేయర్ కోరుకునేవాళ్లకు కాస్త మెత్తగా తోచవచ్చు. దీని పనితనం బాగా తెలిసేది వీణ మీద. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణల రికార్డింగ్ ఏదైనా పెట్టండి. మీటు పడిన మొదటి చప్పుడు, వెంటనే కుండలోంచి లేచే నిండు నాదం, గమకంలో తీగ మెట్టు మీద పక్కకు సాగుతూ చేసే సన్నని రాపిడి, మూడూ కలగాపులగం కాకుండా వినబడాలి. ఏ306లో మొదటి రెండూ అద్భుతంగా వస్తాయి. మూడోది ఇంత చిన్న ప్లేయర్‌లో అనుకున్నదానికన్నా మెరుగు. ఉత్తరాంధ్ర జానపద కళ జముకులకథ రికార్డింగ్‌లో జముకు తీగ బిగించి వదిలినప్పుడు వచ్చే ఆ ‘బుం’ శబ్దం వంగుతూ పైకి లేస్తుంది కదా, అది మాత్రం ఇంకాస్త బిగువుగా ఉండాల్సింది. కింది శబ్దం నిండుతనం వైపే మొగ్గింది.

పాత రికార్డింగుల దగ్గర సెట్టింగ్స్ మార్చుకోవాలి. 1919లో మొదలైన మన మహారాజా సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వయొలిన్ 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించిన ఫైళ్లుగా దొరుకుతుంది. అలాంటి రికార్డుల్లో చాలావాటికి 6, 7 కిలోహెర్ట్జ్ దాటాక సంగీతం అంటూ ఏమీ ఉండదు, ముల్లు గరగర తప్ప. డీఎస్‌ఈఈ అల్టిమేట్ అనే ఎఫెక్ట్ కుదింపులో పోయిన పై శబ్దాలను ఊహించి పూరించడానికి చేసినది. 128 ఎంపీ3 మీద అది కొంత ఊరటే. 78 రికార్డు మీద వేస్తే సంగీతం పెరగదు, గరగరకే మెరుగు పెట్టినట్టవుతుంది. వాటికి ఎఫెక్టులన్నీ ఆపే సోర్స్ డైరెక్ట్ పెట్టండి. గరగర ఇబ్బంది పెడితే సోర్స్ డైరెక్ట్ తీసేసి, పది బ్యాండ్ల ఈక్వలైజర్‌లో పై రెండు బ్యాండ్లు కిందికి దించండి. వినైల్ ప్రాసెసర్ అన్నది కొత్త పాటలకు రికార్డు వాసన అద్దే సరదా. నిజంగా రికార్డు నుంచి వచ్చిన పాటకు అది అనవసరం.

ఇదే కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారి పాత మోనో పాటలకు ఇంకో ఉపయోగం ఉంది. మోనోలో గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగిందంటే ప్లేయర్‌ని అనుమానించే ముందు ఇయర్‌ఫోన్ చూడండి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి పెట్టుకోండి. ఒరుగు కూడా దిక్కు మారితే ఇయర్‌ఫోన్ ముక్కుకి ఉన్న జాలీలో గులిమి పట్టిందనో, ఒక టిప్ (చెవిలో దూరే మెత్తని తొడుగు) కొలత తప్పిందనో, ప్లగ్ సరిగ్గా కూర్చోలేదనో అర్థం. మారకపోతే తేడా మీ చెవిలో ఉంది. బస్సులో, రైల్లో బేస్ రావడం లేదనే ఫిర్యాదులో కూడా తప్పు ఎక్కువగా టిప్‌దే. గాలి చొరబడే సందు ఉంటే మొదట పోయేది బేసే. అప్పుడు బస్సు రొద మీద వినబడాలని వాల్యూమ్ పెంచుతారు, చెవి దెబ్బతింటుంది. ఇయర్‌ఫోన్ పెట్టెలో వచ్చే మూడు కొలతల టిప్పులూ రెండు చెవులకూ విడివిడిగా వేసి చూడాలి, కొందరికి చెవికో కొలత పడుతుంది.

బ్లూటూత్‌లో మెరుగైన శబ్దం పంపే పద్ధతులైన ఎల్‌డాక్, ఆప్టెక్స్ హెచ్‌డీ రెండూ ఉన్నాయి. కానీ వైర్‌లెస్‌లో ఆంప్లిఫయర్ ఇయర్‌బడ్‌లోనే ఉంటుంది కాబట్టి ఎస్-మాస్టర్‌కి పని ఉండదు. బ్లూటూత్ మాత్రమే వాడేవాళ్లకు ఇంత ఖర్చు దండగ.

ఫోన్‌కి తగిలించే యూఎస్‌బీ డాంగిల్‌తో పోలిక తప్పదు. ఏ306 ధరలో పావుకే దీనికంటే ఎక్కువ బలం ఇచ్చే డాంగిల్స్ ఉన్నాయి, 4.4 బ్యాలెన్స్‌డ్ జాక్‌తో సహా. శబ్దం బలమే లెక్కయితే డాంగిలే గెలుస్తుంది. ఏ306 గెలిచేది వేరేచోట. ఫోన్ బ్యాటరీ తినదు, చార్జింగ్ పోర్టుకి అడ్డం రాదు, పాట మధ్యలో కాల్ రాదు, జేబులో డాంగిల్ వైరు మెలిపడి కనెక్షన్ తెగదు. పాట వినడానికే ఒక గంట కేటాయించుకునే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. పెద్ద హెడ్‌ఫోన్లు కూడా వాడాలి అనుకుంటే ఇదే కంపెనీ జడ్‌ఎక్స్707 చూడండి. 4.4 జాక్, 5 అంగుళాల తెర, 64 జీబీ ఉన్నాయి. బరువు 227 గ్రాములు, అంటే దీనికి రెట్టింపు. ధర రెట్టింపు కన్నా ఎక్కువే, చొక్కా జేబు సుఖం కూడా పోతుంది.

తీరం దగ్గరి ఉప్పుగాలికి ప్లగ్గులు మసకబారతాయి. పాట మధ్యలో ఒక పక్క చిటపటలాడితే ముందు ప్లగ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, జాక్‌లో గుండుసూదులు, పుల్లలు దూర్చొద్దు. ఉన్నది ఒక్క జాకే కాబట్టి, అది వదులైతే మొత్తం ప్లేయరే వైర్‌లెస్ డబ్బా అయిపోతుంది. ఎల్ ఆకారపు ప్లగ్ ఉన్న కేబుల్ వాడితే జేబులో ఒత్తిడి తగ్గుతుంది. వానాకాలంలో వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం వీడియో తీయండి. మొదటి రోజే ప్లగ్ దూర్చి మెల్లగా తిప్పుతూ రెండు పక్కలా శబ్దం ఆగకుండా వస్తోందో లేదో చూడండి. పక్క బటన్లన్నీ, హోల్డ్‌తో సహా, ఒక్కొక్కటే నొక్కండి. కార్డు పెట్టి నలభై యాభై పాటలు వరుసగా వాయించండి. వైఫైకి కలిపి అప్‌డేట్లు దించుకోండి. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉందా, అది పెట్టె మీదిదీ సెట్టింగ్స్‌లో కనిపించేదీ ఒక్కటేనా చూసుకోండి. కంపెనీ అధీకృత డీలర్ బిల్లు లేకపోతే వారంటీ కింద రిపేరు అడగడం కష్టమవుతుంది. ఏదైనా తేడా కనబడితే రిటర్న్ గడువు ముగియకముందే వెనక్కి పంపేయండి, సర్వీస్ సెంటర్ దాకా తీసుకెళ్లడం తర్వాతి మాట.